టైరు పేలినప్పటి నుంచి ఎడమ చెవిలో మోత ఆగడం లేదు – ఇంకా ఆగి చూడాలా?

రాతపని (బుధవారం రాత్రి)

సోమవారం మధ్యాహ్నం రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. నాకు ఎడమవైపు, రెండు బారల దూరంలో ఒక లారీ టైరుకు గాలి కొడుతున్నారు. ఉన్నట్టుండి అది పేలింది. శబ్దం విన్నానని కూడా చెప్పలేను. చెంప మీద ఎవరో అరచేత్తో కొట్టినట్టు గాలి తగిలింది, ఆ వెంటనే లోకమంతా మూగబోయింది. ఎదురుగా ఉన్నవాళ్ల నోళ్లు కదులుతున్నాయి, మాటలు మాత్రం నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు ఉన్నాయి. గాలి కొడుతున్న అబ్బాయికి దెబ్బలేమీ తగల్లేదు. అది చూసి నాకూ ఏమీ కాలేదనుకుని ఇంటికి వచ్చేశాను.

సాయంత్రానికి కుడి చెవి తేరుకుంది. ఎడమ చెవి మాత్రం దిబ్బడ వేసినట్టే ఉంది. దాంట్లో సన్నటి ఈల ఒకటి, ఎవరో ఊపిరి తీసుకోకుండా ఊదుతున్నట్టు, ఆగకుండా వస్తోంది. పగలు పనిలో పడితే కొంచెం మరిచిపోతాను. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఇక అదొక్కటే. నిన్న రాత్రి ఇంకో సంగతి తెలిసింది. ఎడమవైపు తిరిగి పడుకుంటే గోడ గడియారం టిక్కుటిక్కు వినిపిస్తోంది. కుడివైపు తిరిగి, కుడి చెవి దిండుకు ఆనితే గడియారం ఆగిపోయినట్టే ఉంది. నాలుగైదుసార్లు అటూ ఇటూ దొర్లి చూశాను. లేచి కూర్చుని ఏడ్చాను.

నా పని డిక్టేషన్ వింటూ టైపు చేయడం. పన్నెండేళ్లుగా నా బతుకు హెడ్‌ఫోన్లతోనే. నిన్న పనిలో కుడివైపు తీసేసి ఎడమ చెవితో ఒక్కదాంతోనే విని చూశాను. ‘తోట’ అంటే ‘కోట’ అని, ‘సీత’ అంటే ‘ఈత’ అని వినిపించింది. ఫోన్ రింగ్‌టోన్ కూడా ఒక్కో చెవిలో ఒక్కో శ్రుతిలో మోగుతోంది.

ఇంట్లో వాళ్లు నాలుగు రోజులు ఆగితే అదే పోతుందంటున్నారు. నిజమే, ఇదివరకు పెద్ద స్పీకర్ల పక్కన కూర్చుని వచ్చినప్పుడు మర్నాటికల్లా పోయేది. ఇప్పుడు రెండు రోజులు దాటాయి. ఇంకా ఆగి చూడాలా, రేపే డాక్టర్ దగ్గరికి వెళ్లాలా? ఈ ఈల ఎప్పటికైనా పోతుందా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

శుభోదయం

అక్కా, చెవిలో గోరువెచ్చని నూనె రెండు చుక్కలు వేసి దూది పెట్టుకోండి. మా ఇంట్లో ఎవరికి చెవి నొప్పి వచ్చినా అదే చేస్తాం.

వినికిడి గది

నూనె వద్దండీ, నూనే కాదు, ఏ చుక్కలూ వద్దు. పేలుడు గాలికి కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. అలాంటప్పుడు చెవిలో వేసింది నేరుగా లోపలికి పోతుంది. డాక్టర్ చూసేదాకా తలస్నానంలో కూడా ఆ చెవిలోకి నీరు పోకుండా చూసుకోండి. గట్టిగా చీదొద్దు.

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసే పని నాది. రాతపని గారూ, ఆగకండి. రేపు ఉదయమే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఫోన్ చేసినప్పుడు ‘చెవిలో మోత’ అని మాత్రం చెబితే వచ్చే వారం రమ్మంటారు. ‘సోమవారం పక్కనే పేలుడు జరిగింది, అప్పటి నుంచి ఒక చెవి సరిగా వినిపించడం లేదు’ అని చెప్పండి. ఆ రెండో ముక్క విన్నాక ఎవరూ వాయిదా వేయకూడదు.

ఎందుకింత తొందర అంటే, స్పీకర్ల మోత వేరు, పేలుడు వేరు. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు ఒక్కటి చాలు, క్షణంలో శాశ్వతంగా దెబ్బతీయడానికి. పెద్ద శబ్దానికి మధ్య చెవిలో ఓ చిన్న కండరం బిగుసుకుని లోపలి చెవిని కాపాడుతుంది. కానీ అది బిగియడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. పేలుడు అంతలోపే లోపలికి చేరిపోతుంది.

లోపల నత్తగుల్ల ఆకారంలో కోక్లియా ఉంటుంది. ఒక్కో చెవిలో దాదాపు 15 వేల సన్నటి రోమ కణాలు శబ్దాన్ని నరానికి అందిస్తాయి. మనం పుట్టినప్పుడు ఉన్నవే, చచ్చినవాటి చోట కొత్తవి పుట్టవు. దెబ్బ తగిలినప్పుడు కొన్ని చనిపోతాయి, కొన్ని వాడిపోయి మళ్లీ నిలబడతాయి. మొదటి కొన్ని రోజుల్లో, వారాల్లో తిరిగొచ్చే వినికిడి ఆ నిలబడినవాటిదే. ఆ రోజుల్లో లోపల వాపు ఉంటుంది, దాన్ని తగ్గించడానికి డాక్టర్లు చాలాసార్లు స్టెరాయిడ్ ఇస్తారు. కారణం తెలియకుండా ఒక్కసారిగా వినికిడి పడిపోయినవాళ్లకు రెండు వారాల లోపు మొదలుపెట్టాలని మార్గదర్శకాలున్నాయి. శబ్దం దెబ్బకు అంత బలమైన ఆధారాలు లేవు, అయినా ఇవ్వాలనుకుంటే ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. షుగర్, బీపీ, అల్సర్ లాంటివి ఏమున్నా డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

మీరు ‘స’, ‘త’ పోతున్నాయన్నది చాలా పనికొచ్చే వివరం. అచ్చులు బరువైన శబ్దాలు, కింది శ్రుతిలో ఉంటాయి. స, శ, త, ఫ లాంటివి పైశ్రుతిలో ఉండే గాలి శబ్దాలు. శబ్దం దెబ్బ మొదట పడేది 3000 నుంచి 6000 హెర్ట్జ్ (శ్రుతి కొలత) మధ్య, ముఖ్యంగా 4000 దగ్గర. అందుకే మనిషి గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు.

తల గిర్రున తిరగడం, ముఖం ఒకవైపు వంకర పోవడం, చెవిలోంచి రక్తం గానీ నీరు గానీ రావడం, ఇందులో ఏదైనా ఉంటే తెల్లారేదాకా కూడా ఆగొద్దు.

రాతపని (గురువారం సాయంత్రం)

వెళ్లొచ్చాను. మీరు చెప్పినట్టే చెప్పాను, పొద్దున్నే చూశారు. కర్ణభేరికి చిల్లు లేదు, కొద్దిగా ఎర్రగా ఉందన్నారు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నడినెత్తిన పెట్టారు. శబ్దం కుడి చెవిలోకే వెళ్లింది. ఎడమ చెవి లోపలి భాగం బలహీనపడితే అలా అవుతుందట.

తర్వాత గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి చేతికి ఒక బటన్ ఇచ్చారు. బీప్ వినిపించినప్పుడల్లా నొక్కాలి. కుడి చెవి తేలిగ్గా అయిపోయింది. ఎడమ చెవికి వచ్చేసరికి, ఆ నిశ్శబ్దంలో నా ఈల ఎంత పెద్దదైందంటే, ఏది బీపో ఏది నా ఈలో తెలియలేదు. ఏమీ లేనప్పుడు కూడా నొక్కేశాను. వినడమే నా వృత్తి, నేను ఆ బటన్ పట్టుకుని వణికిపోయాను. పరీక్ష చేస్తున్నావిడ కిటికీలోంచి చూసి తలుపు తీసుకుని వచ్చి, ‘కంగారు పడకండి, టిక్ టిక్ టిక్ అని తెగిపోతూ వచ్చే శబ్దం పెడతాను, మీ ఈల తెగదు కదా’ అన్నారు. అప్పుడు తేడా తెలిసింది.

ఎడమ చెవికి 2000 హెర్ట్జ్ వరకు గీత 15 డెసిబెల్స్ దగ్గరే ఉంది (ఈ అంకె ఎంత పెరిగితే వినికిడి అంత తగ్గినట్టు). 4000 దగ్గర 55కి పడిపోయి, 8000 దగ్గర మళ్లీ 30కి లేచింది. కాగితం మీద గొయ్యి తీసినట్టు ఉంది. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు, కొన్ని రోజులకు మళ్లీ పరీక్ష. మోత గురించి అడిగితే ‘చూద్దాం’ అన్నారు. ఆ మాటే నన్ను తినేస్తోంది.

స్పానర్

చెల్లెమ్మా, నేను టైర్ల పనివాణ్ణి. తొమ్మిదేళ్ల కింద నా కుడి చెవి పక్కనే ఒక టైరు పేలింది. ఇనుప బోనులో పెట్టి గాలి నింపాల్సిన టైరు అది, తొందరలో పెట్టలేదు. రెండు నెలలు డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. వెళ్లేసరికి చేయగలిగింది పెద్దగా లేదన్నారు. నువ్వు మూడో రోజే వెళ్లావు, అది చదివి నాకు ఎంత నిమ్మళంగా ఉందో చెప్పలేను.

మోత గురించి నేను చెబుతాను. నాకు పోలేదు. కానీ మొదటి ఆరునెలల్లో ఉన్న మోతకూ ఇప్పటి మోతకూ పోలిక లేదు. చెవి నుంచి రావాల్సిన శబ్దం తగ్గితే మెదడు తన లోపలి వాల్యూమ్ పెంచుకుంటుందని, ఆ గుయ్ గుయ్ అదేనని నాకు ఒక డాక్టరమ్మ చెప్పింది. భయం ఎంత ఉంటే మెదడు దానికేసి అంత చెవి ఒగ్గుతుందట. నాకు అచ్చంగా అలాగే జరిగింది. ప్రతి గంటకూ ‘ఉందా? ఉందా?’ అని చూసుకునేవాణ్ణి. చూసుకున్నప్పుడల్లా ఉండేది.

ఇంకో తప్పు కూడా చేశాను. చిన్న చప్పుడు కూడా భరించలేక ఇంట్లో పగలంతా చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నిశ్శబ్దంలో మోత ఇంకా పెరిగింది, గిన్నె చప్పుడు కూడా పొడిచినట్టు తగిలేది. ప్లగ్స్ పని దగ్గర, నిజంగా పెద్ద శబ్దం ఉన్నచోట పెట్టుకోవాలి. ఇంట్లో వద్దు. రాత్రి ఫ్యాన్ గానీ, స్టేషన్ తగలని రేడియో చప్పుడు గానీ సన్నగా పెట్టుకో. మోతను పూర్తిగా ముంచేసేలా కాదు, మోత పక్కన ఇంకోటి ఉండేలా. నాకు ఎక్కువ మేలు చేసింది వినికిడి యంత్రం. మాటలు సరిగా వినబడటం మొదలయ్యాక మోత వెనక్కి జరిగింది.

మోత తగ్గిస్తామని అమ్మే మాత్రలు కొన్ని నెలలు మింగాను. ఏమీ ఒరగలేదు.

వినికిడి గది

స్పానర్ గారి మాటలు అక్షరాలా నిజం. అమెరికా ఈఎన్‌టీ అకాడమీ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో జింకో బైలోబా (ఒక చెట్టు ఆకుల సారం), మెలటోనిన్ (నిద్రకు వాడే హార్మోన్), జింక్ లాంటివి మోత కోసం వాడమని చెప్పొద్దనే రాశారు. సిఫారసు చేసింది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని, అంటే ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్సని. మోతను చెరపడానికి కాదు, మోత వినగానే పుట్టే భయాన్నీ నిద్రలేమినీ తగ్గించడానికి.

రాతపని గారూ, వీలైతే కొన్ని వారాలు హెడ్‌ఫోన్ల పని ఆపండి. మొదలుపెట్టాక వాల్యూమ్ మీద ఒక కన్నేసి ఉంచండి. 85 డెసిబెల్స్ అయితే రోజుకు ఎనిమిది గంటల వరకు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పదిహేను నిమిషాలే. తెలియని మాట వచ్చినప్పుడు మీ చేయి వాల్యూమ్ మీదికే వెళ్తుంది. అప్పుడు పెంచకుండా వెనక్కి తిప్పి మళ్లీ వినండి.

రాతపని (ఆరు వారాల తర్వాత)

చాలామంది మెసేజ్‌లు పెట్టారు, ఆలస్యానికి క్షమించండి. మూడో పరీక్ష అయింది. 4000 దగ్గర 55 నుంచి 35కి వచ్చింది. ఇకపై పెద్దగా మారకపోవచ్చన్నారు. దిబ్బడ పూర్తిగా పోయింది, రింగ్‌టోన్ రెండు చెవుల్లో ఒకే శ్రుతిలో మోగుతోంది. ఈల ఉంది. వినికిడి మాత్రల వల్ల మెరుగైందో, దానంతటదే మెరుగైందో ఎవరూ చెప్పలేరు, నేనూ అడగడం మానేశాను.

నలుగురు ఒకేసారి మాట్లాడే చోట మాత్రం, పరీక్షలో వచ్చిన అంకెల కంటే ఎక్కువ ఇబ్బంది పడుతున్నాను. ఇది నా ఊహా?

వినికిడి గది

ఊహ కాదండీ. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూపించారు. పెద్ద శబ్దం తర్వాత వినికిడి పరీక్ష మామూలుకు వచ్చినా, రోమ కణాలకూ నరానికీ మధ్య అతుకులు కొన్నిచోట్ల సగందాకా తెగిపోయి ఉన్నాయి. మనుషుల్లో దాన్ని నేరుగా కొలిచే పరీక్ష ఇంకా మామూలు వాడుకలోకి రాలేదు. గోల ఉన్నచోట మాటలు ఎంతవరకు అందుతున్నాయో చూసే పరీక్ష ఉంది, అది చేయించుకోండి. అప్పటిదాకా మాట్లాడేవాళ్లను మీ కుడివైపు కూర్చోబెట్టుకోండి, మొహం కనబడేలా.

స్పానర్

చెల్లెమ్మా, గడియారం సంగతి చెప్పలేదు.

రాతపని

అన్నా, వినిపిస్తోంది. మంచం గోడ నుంచి ఒక గజం ముందుకు జరిపించాను. కుడి చెవి దిండుకు ఆనించి, ఊపిరి బిగబట్టి వింటే, ఈల వెనకాల సన్నగా, టిక్కుటిక్కు.