18 రోజులైనా కుట్టుమిషను కింద నుంచి రాని కుక్క: ఉంచుకోవాలా, తెచ్చిన చోటే వదిలేయాలా?

భవానీపురం_మూడో_అంతస్తు:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ భవానీపురంలో రెండు గదుల ఫ్లాటు. నేను, మా ఆయన, అత్తయ్యగారు, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి. నెలన్నర కిందట రామవరప్పాడు రింగు దగ్గర బైకు గుద్దిన ఆడకుక్క ఒకటి డివైడర్ పక్కన పడి ఉంటే, గోనెసంచిలో చుట్టి ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. వెనక కాలికి కట్టు వేశారు. కట్టు విప్పేదాకా తెలిసినవాళ్ల షెడ్డులో ఉంచి, 18 రోజుల కిందట ఇంటికి తెచ్చుకున్నాం. రెండేళ్లుంటాయన్నారు. చెవి కొసన కోత ఉంది, అంటే ఎప్పుడో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలిన కుక్కే. రంగు చూసి మా అమ్మాయి బెల్లం అని పేరు పెట్టింది.

వచ్చిన రోజు కుట్టుమిషను కింద దూరింది. ఇప్పటికీ అక్కడే. అందరం పడుకున్నాక ఏ ఒంటిగంటకో లేచి గిన్నె ఖాళీ చేసి, బాల్కనీలో పని కానిచ్చుకుని మళ్లీ లోపలికి. కుక్కరు కూస్తే వణుకు. చెయ్యి చాపితే గోడలో కలిసిపోదామన్నట్టు ముడుచుకుంటుంది. "దాని బతుకేదో అది బతికేది, తెచ్చి జైల్లో పెట్టావు, రింగు దగ్గరే వదిలేసి రోజూ అన్నం పెట్టొద్దాం" అంటున్నారు మా ఆయన. అత్తయ్యగారు ఏ మాటా చెప్పరు గానీ పెరుగన్నం మాత్రం ఆవిడే కలుపుతున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సత్యనారాయణపురం_బాబాయ్:
అమ్మా, పన్నెండేళ్లుగా మా వీధి కుక్కలకి తిండి పెడుతున్నాను. ఇప్పుడు 11 ఉన్నాయి. కాబట్టి కుక్కలంటే పడనివాడినని అనుకోకు. మీ ఆయన చెప్పిందే నిజం. రెండేళ్లు రోడ్డు మీద పెరిగిన కుక్కకి ఇల్లు లేదని మనం అనుకుంటాం. పొద్దున టీ కొట్టు, మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ నీడ, రాత్రి చికెన్ కొట్టు వెనక. అదంతా దాని ఇల్లే. నేనూ ఒకదాన్ని తెచ్చి ఐదు నెలలు ఉంచాను. తిండికి లోటు లేదు, పొద్దస్తమానం గ్రిల్లు సందులో మూతి పెట్టి రోడ్డుకేసి చూసేది. వదిలాక నెల తిరక్కుండా మనిషైంది (కుక్కని మనిషైంది అనకూడదేమో). ఆపరేషన్ చేసిన కుక్కని పట్టుకున్న చోటే వదలాలని 2023 ఏబీసీ రూల్స్ (కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు) కూడా ఊరికే పెట్టలేదు. కుక్కపిల్లైతే పెంచుకో, పెద్దదాన్ని వద్దు.

అరండల్‌పేట_అక్క:
బాబాయ్ గారూ, మీది సందు. వీళ్లు వదలాలనుకుంటున్నది హైవే. ఒకసారి గుద్దించుకున్న చోటే కుంటికాలితో వదిలితే ఇంక అన్నం పెట్టే అవసరం కూడా ఉండదు.

నా సంగతి చెప్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా తమ్ముడి మేడమెట్ల మీద చేరిన కుక్కని గుంటూరు తెచ్చుకున్నాను. బాత్రూంలో కుళాయి తిప్పితే చాలు, వంటింటి గట్టు కింద నక్కేది. నలభై రోజులు పట్టింది.

నేను చేసిందల్లా దాన్ని పట్టించుకోకపోవడం. రోజూ అదే టైముకి, దాని వైపు తిరక్కుండా, కాస్త దూరంగా నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేదాన్ని. మధ్యమధ్య ఉప్పు కారం లేకుండా ఉడకబెట్టిన కోడిముక్క ఒకటి వెనక్కి విసిరేదాన్ని. తిన్నదా లేదా అని చూసేదాన్ని కాదు. మొదట్లో నేను లేచాకే తినేది. వారానికి నేనుండగా తినడం మొదలెట్టింది. ఇంకో వారానికి మోచేతి దగ్గర ముక్కు తగిలింది. అప్పుడు కూడా చెయ్యి ఎత్తలేదు. పైనుంచి తల నిమరడం మనకి ముద్దు, వాటికి దెబ్బ పడబోతున్నట్టు. అదే దగ్గరికొచ్చాక గడ్డం కింద గోకండి చాలు.

ఒక్క తప్పు చేశాను. పన్నెండో రోజున చుట్టాలొస్తే చూపిద్దామని బెల్టు పట్టి బయటికి లాగాను. రెండు రోజులు గిన్నె ముట్టలేదు. పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

పటమట_సెక్రటరీ:
కుక్క మనసు గురించి బాగానే రాస్తున్నారు. పక్క ఫ్లాటువాళ్ల సంగతి? మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఇలాగే ఒకావిడ రోడ్డు మీది కుక్కని తెచ్చారు. మెత్తనిదే. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా డెలివరీ కుర్రాడు పెద్ద సంచితో కనపడేసరికి బెదిరి అతని పిక్క కరిచేసింది. సబ్బుతో 15 నిమిషాలు పంపు కింద కడిగించి, ఇంజెక్షన్లకి తీసుకెళ్లింది నేనే. మొరిగే కుక్క కంటే భయపడే కుక్కతోనే జాగ్రత్తగా ఉండాలని ఆ రోజు తెలిసింది.

కుక్కలే వద్దని మీటింగులో తీర్మానం చేద్దామనుకున్నాం. మెజారిటీ ఉన్నా అలా నిషేధించడం కుదరదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పిందని లాయరు చూపించాడు. నాకు నచ్చలేదు, కానీ ఉన్నది అది. ఇప్పుడు టీకా కార్డు కాపీ తీసుకుంటున్నాం. లిఫ్టులో ఎవరైనా ఉంటే కుక్క ఉన్నవాళ్లు ఆగాలి. మీ పక్కవాళ్లకి ముందే చెప్పారా మేడం?

గన్నవరం_రిటైర్డ్_కాంపౌండర్:
ఇంతమంది రాశారు, అసలు ఆ కుక్కకి ఒంట్లో బాగుందా అని ఒక్కరూ అడగలేదు. భయం అనుకునేదాంట్లో సగం నొప్పి ఉంటుంది. రాత్రి లేచినప్పుడు సెల్‌ఫోన్ పెట్టి వీడియో తియ్యండి. ఆ కాలి మీద బరువు ఆనిస్తోందా, వేలు మాత్రం ఆనించి ఎగురుతోందా? చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులున్నాయా? చిగుళ్లు పాలిపోయి ఉంటే పిడుదు జ్వరం అనుమానించాలి. రక్తపరీక్ష చేయించండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, లేదా కాలికి కట్టు వేసిన డాక్టరుకే చూపించండి. ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వెయ్యకండి, ప్రాణం మీదికొస్తుంది.

బాబాయ్ గారికి ఒక్క మాట. నెలన్నరయ్యాక ఆ చోటు దానిది కాదండి. వేరే కుక్కలు ఆక్రమించేసుంటాయి. వదిలిన రాత్రే మీద పడతాయి. మీరు ఐదు నెలలు ఉంచుకున్న కుక్కని మీ వీధిలోనే వదిలారు, మీరు రోజూ కళ్లముందు ఉన్నారు, అందుకని చెల్లింది.

ఇంకొకటి. మూడు రోజులు బెదురు, మూడు వారాలకి అలవాటు, మూడు నెలలకి ఇల్లు అని ఒక లెక్క చెప్తుంటారు. అది కొండగుర్తే గాని పంచాంగం కాదు. మీకింకా మూడు వారాలే కాలేదు.

లా_రెండో_సంవత్సరం:
వీధికుక్కల మీద సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 ఉత్తర్వు చూడండి. దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదే అని స్పష్టంగా ఉంది. ఇక వదిలే ప్రశ్నే లేదు.

సత్యనారాయణపురం_బాబాయ్:
తమ్ముడూ, అది కార్పొరేషన్‌కి దరఖాస్తు పెట్టి తీసుకున్నవాళ్ల మాట. ఈ అమ్మాయి దెబ్బతిన్నదాన్ని జాలిపడి తెచ్చుకుంది.

లా_రెండో_సంవత్సరం:
సరే, జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే 1960 చట్టం? ఆకలికి మాడేలా జంతువును వదిలేస్తే అది క్రూరత్వం కిందే లెక్క.

సత్యనారాయణపురం_బాబాయ్:
జరిమానా మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలు. పది రూపాయలకి బీసెంటు రోడ్డులో పునుగులు కూడా సరిగ్గా రావు. చట్టం వదిలెయ్, కాంపౌండర్ గారు చెప్పినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. రింగు దగ్గర వద్దు, ఒప్పుకుంటున్నా. ఆ ఫ్లాటులో అది సుఖపడుతుందని మాత్రం ఇంకా ఒప్పుకోను.

భవానీపురం_మూడో_అంతస్తు:
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. వీడియో తీస్తే కాలు బాగానే ఆనిస్తోంది. రక్తపరీక్షలో పిడుదు జ్వరమే తేలింది. 28 రోజులు డాక్సీసైక్లిన్ వెయ్యమన్నారు. మాత్ర కోడిముక్కలో కుక్కి ఇస్తే ముక్క తిని మాత్ర ఉమ్మేసేది. ఇప్పుడు రెండు ఉత్త ముక్కలు, మూడోదాంట్లో మాత్ర, వెంటనే నాలుగోది. మింగేస్తోంది.

చిక్కుడుకాయల పద్ధతి అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ సాయంత్రం పూట కుట్టుమిషనుకి వీపు పెట్టి దీపం వత్తులు చేసుకుంటున్నారు. నిన్న పొయ్యి మీద పాలు పెట్టి కూర్చున్నారు. బెల్లం బయటికొచ్చి పత్తి వాసన చూసి, ఆవిడ కుచ్చెళ్ల మీద గడ్డం ఆనించి పడుకుంది. పాలు పొంగి గట్టంతా పారుతున్నా ఆవిడ లేవలేదు, మమ్మల్ని పిలవనూ లేదు. మాడు వాసనకి మా ఆయన వచ్చి, మునివేళ్ల మీద వంటింట్లోకెళ్లి స్టవ్ కట్టి, అలాగే మునివేళ్ల మీద వెనక్కెళ్లారు. వదిలేద్దాం అన్న మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు.

సత్యనారాయణపురం_బాబాయ్:
సంతోషం. జ్వరం తగ్గాక గ్రిల్లు దగ్గర కూర్చుంటోందేమో చూసి చెప్పు. నేను మూడు నెలల దాకా ఆగుతా.

పటమట_సెక్రటరీ:
అది సరే మేడం, లిఫ్టు సంగతి ఏం చేశారు?

భవానీపురం_మూడో_అంతస్తు:
మా లిఫ్టు చెడిపోయి రెండు నెలలైందండీ. మీలాంటి సెక్రటరీ మాకు లేరు.