820 హెర్ట్జ్ కంపనం 180 దగ్గర కనిపిస్తోంది, ఫిల్టర్ మార్చాలా, శాంప్లింగ్ రేటు పెంచాలా?

మోటారు కంపనాన్ని అనలాగ్ సెన్సర్‌తో కొలుస్తున్నాను. 12 బిట్ల ఏడీసీ (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం), సెకనుకు 1000 శాంపిళ్లు. నాకు కావలసింది 200 హెర్ట్జ్ లోపు సిగ్నల్ మాత్రమే. ఎఫ్ఎఫ్‌టీలో (సిగ్నల్‌ను పౌనఃపున్యాలుగా విడగొట్టి చూపే లెక్కలో) 180 దగ్గర గట్టి శిఖరం వస్తోంది. రేటు 1200 చేస్తే అది 380కి జరిగింది, 4000 చేస్తే 820 దగ్గర కనిపించింది. కాబట్టి అసలు పౌనఃపున్యం 820, 180 దాని ఏలియాస్, అంటే శాంప్లింగ్ రేటు చాలక తప్పు చోట కనిపించే నీడ.

సాఫ్ట్‌వేర్‌లో 400 హెర్ట్జ్ కటాఫ్‌తో లో-పాస్ ఫిల్టర్ (ఆ హద్దుకు పైనున్న పౌనఃపున్యాలను అణచేది) వేసి చూశాను, శిఖరం అలాగే ఉంది. ఒకసారి కిందికి మడతపడ్డాక అది నిజమైన 180తో కలిసిపోతుంది, ఆపైన విడదీయడం కుదరదు. తర్వాత ఏడీసీ ముందు 1.6 కిలో ఓమ్, 0.22 మైక్రోఫారడ్‌తో ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) ఫిల్టర్ పెట్టాను. కటాఫ్ సుమారు 450 హెర్ట్జ్. శిఖరం సగానికి, అంటే 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గింది. కటాఫ్ ఇంకా దించితే 150-200 మధ్య సిగ్నల్ బలహీనపడుతోంది. నేను వెతుకుతున్న బేరింగ్ లోపం జాడలు సరిగ్గా అక్కడే ఉంటాయి, అందుకే ఆ భాగాన్ని వదులుకోలేను.

ఏడీసీ 8000 వరకు తీసుకోగలదు, నిల్వకు మాత్రం సెకనుకు 1000 శాంపిళ్లే చోటుంది.

820ని కనీసం 40 డెసిబెల్స్ అణచాలంటే ఏడీసీ ముందు నాలుగో ఆర్డర్ (కటాఫ్ పైన ఇంకా నిటారుగా అణచే) యాక్టివ్ ఫిల్టర్ కట్టాల్సిందేనా, లేక ఇదే ఆర్‌సీ ఉంచి, 8000తో తీసి, డిజిటల్‌గా ఫిల్టర్ చేసి, ప్రతి 8 శాంపిళ్లకు ఒకటి ఉంచుకుంటే సరిపోతుందా?