అప్‌డేట్: రాయగడ నుంచి రాక్ క్లైంబింగ్ గురించి అడిగింది నేనే

చుట్టూ ఇన్ని కొండలున్నాయి కదా, తాడొకటి కొనుక్కుని ఎక్కడం మొదలెట్టొచ్చా అని అడిగాను. ముందు భువనగిరి వెళ్లి నేర్చుకోమన్నారు మీరు. వెళ్లొచ్చాను. విజయనగరంలో రైలు మారడం తప్ప ఇబ్బందేం లేదు.

భువనగిరి కొండంతా ఒకటే రాయి. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది దాని మీదే. మమ్మల్ని మాత్రం ముందు ఎక్కనివ్వలేదు, ముడులు వేయించారు. ఎనిమిది అంకెలా ముడేసి, కొసని హార్నెస్‌లోంచి (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు) తీసి అదే దారిలో వెనక్కి తిప్పాలి. ఎక్కేవాళ్లూ, కింద తాడు పట్టేవాళ్లూ ఒకరి ముడి, బకిల్ ఒకరు చూసుకోవాలి.

కొట్లో దొరికే నైలాన్ తాడు మాట మర్చిపోండి. క్లైంబింగ్ తాడు పడినప్పుడు సాగి కుదుపుని తనలో కలుపుకుంటుంది. అందుకే దానికి ధర ఎక్కువ.

నున్నటి బండ మీద చేతుల బలం పెద్దగా పనికిరాదు. మడమ దించి, బరువంతా పాదం మీద వేస్తే బూటు అడుగు రబ్బరే పట్టుకుంటుంది. భయమేసి బండకి అతుక్కుపోయామా, జారతాం. ఇంకోటి, కండ త్వరగానే గట్టిపడుతుంది, వేళ్ల స్నాయువులకి (కండని ఎముకకి కలిపేవి) నెలలు పడుతుంది. నొప్పుంటే ఆపేయమన్నారు.

మా అమ్మ మా ఊరి దేవత మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది, నేను హెల్మెట్ కొనుక్కున్నాను.

ఇక్కడి కొండలు ఇంకా ముట్టుకోలేదు. పైన యాంకర్ (తాడుని బండకి పట్టి ఉంచే ఆధారం) కట్టడం సొంతంగా వచ్చాకే. అది వివరంగా నేర్పే చోటు తెలిస్తే చెప్పండి.