ప్యాకెట్ తిండి చవకా, సొంత వంట చవకా? నా లెక్క ఎక్కడ తప్పుతోంది?

రాత్రిషిఫ్ట్:

ఒక్కడినే ఉంటున్నాను. ఒక స్టవ్, ఒక గిన్నె, ఒక పెనం, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి. ఏడాదిన్నరగా నా భోజనం అంటే ఇన్‌స్టంట్ నూడుల్స్, లేదంటే వేడినీళ్లు పోస్తే అయిపోయే సూప్, లేదంటే ఫ్రీజర్‌లోంచి తీసి వేడి చేసుకునే రెడీమేడ్ డబ్బా. డ్యూటీ అయి వచ్చేసరికి కాళ్లు లాగేస్తుంటాయి, ఆ టైంలో ఉల్లిపాయ కోయాలన్నా ఏడుపొస్తుంది.

పోయిన నెల గట్టిగా అనుకుని పప్పులు, నూనె, మసాలాలు, ఆకుకూరలు, కూరగాయలు అన్నీ ఒకేసారి తెచ్చేశాను. మూడు రోజులు బాగానే వండాను. నాలుగో రోజు డబుల్ డ్యూటీ పడింది, మళ్లీ ప్యాకెట్. వారం తిరిగేసరికి ఆకుకూర కుళ్లిపోయింది, టమాటాలు నీరుగారిపోయాయి, సగం సరుకు చెత్తబుట్టలో వేశాను. నెలాఖరున చూసుకుంటే మామూలు కంటే ఎక్కువే ఖర్చయింది.

ఇంట్లో వండుకుంటే చవక అని అందరూ అంటారు కదా, అది నలుగురున్న ఇంటికి నిజమేమో, ఒక్కడికి కూడా నిజమేనా? వంటల పేర్లు చెప్పమని అడగట్లేదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. అలిసిపోయి వచ్చిన మనిషి వారానికి ఏడు రోజులూ నిలబెట్టుకోగలిగే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి.

మూతపెట్టిన_గిన్నె:

మీ లెక్కలో రెండు చోట్ల తేడా ఉందండి. మొదటిది, నూనె, మసాలాలు, పప్పులు రెండు మూడు నెలలు వస్తాయి, వాటి ఖర్చంతా తెచ్చిన నెల మీదే వేస్తే ఏ వంటైనా ఖరీదుగానే కనిపిస్తుంది. రెండోది, మీరు ప్యాకెట్ ధరని భోజనం ధరతో పోలుస్తున్నారు. 70 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్ తింటే ఎంతసేపటికి మళ్లీ ఆకలేస్తుందో ఒకసారి గమనించండి. అందులో ఎక్కువ భాగం మైదా, ఆపైన నూనె. ఇన్‌స్టంట్ నూడుల్స్‌ని 1958లో జపాన్‌లో మోమొఫుకు ఆండో తయారుచేసిన పద్ధతే అది, ఉడికించిన నూడుల్స్‌ని నూనెలో వేయిస్తే నీరంతా ఆవిరైపోయి సన్నని రంధ్రాలు పడతాయి, మనం వేడినీళ్లు పోయగానే ఆ రంధ్రాల్లోకి నీళ్లు దూరి మూడు నిమిషాల్లో మెత్తబడతాయి. ఆ వేయించిన నూనె ఎంతో కొంత అందులోనే ఉండిపోతుంది. ప్రొటీన్ మాత్రం ప్యాకెట్ మొత్తానికి ఆరేడు గ్రాములు ఉంటే గొప్ప. అదే 70 గ్రాముల ఎర్రపప్పు ఉడకబెట్టుకుంటే సుమారు 17 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, పీచు వేరే. నానబెట్టక్కర్లేదు, మామూలు గిన్నెలోనే ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది, ఆ ఇరవై నిమిషాలూ మీరు దాని పక్కన నిలబడక్కర్లేదు, స్నానం చేసి రావచ్చు.

ఇక కుళ్లిపోయిన కూరగాయల సంగతి. ఒంటరిగా ఉండేవాళ్లు ముందు పాడవని సరుకుతో మొదలుపెట్టాలి. బియ్యం, పప్పు, గుడ్లు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, క్యారెట్లు, క్యాబేజీ, ఇవైతే మీకు డబుల్ డ్యూటీ పడ్డా మీకోసం ఆగుతాయి. బంగాళాదుంపలు మాత్రం వెలుతురు తగలని చోట పెట్టండి, పచ్చబడిన భాగం తినకూడదు. ఆకుకూర ఏ రోజు తెస్తే ఆ రోజే వండాలి, వండే ఓపిక లేని రోజు తేవద్దు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మీలాగే సంచి నిండా తెచ్చి పారేసేదాన్ని, తేవడం తగ్గించాకే నాకు వంట నిలబడింది.

తెరిచిన_డబ్బా:

పైన అక్క చెప్పింది చాలావరకు నిజమే, కానీ సొంత వంట ఎప్పుడూ చవకే అని నేను ఒప్పుకోను. టైం, గ్యాస్, గిన్నెలు తోముకోవడం, ఇవన్నీ ఎవరో ఒకరు భరించాలి కదా. ఇంట్లో ఇంకొకళ్లు భరిస్తుంటే మనకు ఉచితంగా కనిపిస్తుంది, అంతే.

అమెరికాలో కెవిన్ హాల్ అనే పోషకాహార పరిశోధకుడి బృందం 2019లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. 20 మందిని పరిశోధన కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు సరుకుతో వండిన తిండి పెట్టారు. రెండింట్లోనూ వడ్డించిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉండేలా చూశారు, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన తిండి మీద ఉన్నప్పుడు వాళ్లు రోజుకి దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, సగటున ఒక కిలోకి కాస్త తక్కువ బరువు పెరిగారు, రెండోదాని మీద ఉన్నప్పుడు అంతే తగ్గారు. ఇది అందరూ చెబుతారు. ఎవరూ చెప్పనిది ఏంటంటే, అదే ప్రయోగంలో మామూలు సరుకుతో వండిన తిండికి 40 శాతానికి పైగా ఎక్కువ ఖర్చయింది. తాజా పళ్లు, మాంసం, గింజలు లాంటివి పెడితే అంతే అవుతుంది మరి. కాబట్టి చవక అనేది వంట వల్ల రాదు, ఏం వండుతున్నాం అన్నదాని వల్ల వస్తుంది. పప్పు, గుడ్డు, బియ్యం దగ్గర ఉంటే చవక, అక్కడి నుంచి ఎంత దూరం జరిగితే అంత ఖర్చు.

ఇంకో మాట. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టేయకండి. ఫ్రోజెన్ బఠాణీ అంటే కోసిన కొద్ది గంటల్లోనే వేడినీళ్లలో ముంచి తీసి గడ్డకట్టించిన బఠాణీ, అంతే. వారం రోజులు ఫ్రిజ్‌లో వాడిపోయిన కూరగాయ కంటే అది ఏ రకంగానూ తక్కువ కాదు, పైగా గుప్పెడు తీసుకుని మిగతాది మళ్లీ లోపల పెట్టేయొచ్చు, పారేసేది సున్నా. డబ్బాలో వచ్చే ఉడికించిన శనగలు, రాజ్మా కూడా అంతే, ఉప్పునీళ్లు ఒంపేసి కుళాయి కింద కడిగితే అందులో ఉప్పు మూడో వంతుకు పైగా పోతుంది. రాత్రిషిఫ్ట్ గారూ, మీరు మానేయాల్సింది డబ్బాలని కాదు, పూర్తిగా తయారై వచ్చే భోజనాలని.

ఉప్పులెక్క:

ఖర్చు గురించి అందరూ చెప్పారు కాబట్టి నేను ఉప్పు గురించే చెబుతాను, ఇది నాకు ఇంట్లో జరిగిన విషయం. మా నాన్నగారు కొన్నాళ్లు వేరే ఊళ్లో ఒక్కరే ఉండి అచ్చం మీరు తిన్నట్టే తిన్నారు. తిరిగొచ్చాక పరీక్ష చేయిస్తే బీపీ బాగా ఎక్కువ వచ్చింది. ఒక్క తిండి వల్లే అని నేను అనను, ఆయన నిద్ర కూడా సరిగ్గా ఉండేది కాదు. కానీ డాక్టరు గారు మొదట అడిగింది రోజూ ఏం తింటున్నారనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక టీస్పూన్ లోపు. ప్యాకెట్ వెనక చాలాసార్లు ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణించండి. 1000 మిల్లీగ్రాముల సోడియం ఉంటే రెండున్నర గ్రాముల ఉప్పు, అలాంటివి రెండు తింటే రోజు కోటా అయిపోయినట్టే. ఆ అంకె ప్యాకెట్ మొత్తానికా, ఒక సర్వింగ్‌కా అన్నది కూడా చూడండి, నేను చాలాకాలం చూడలేదు.

నూడుల్స్ మానలేని రోజు మసాలా పొడి సగమే వేయండి, ఎందుకంటే ఉప్పు ఎక్కువ భాగం ఆ పొడిలోనే ఉంటుంది. ఒక గుడ్డు కొట్టిపోసి, గుప్పెడు ఫ్రోజెన్ కూరగాయలు వేస్తే ఐదు నిమిషాలకు మించదు. ఇది కూడా వంటేనండి, దీన్ని చిన్నచూపు చూడకండి.

మూతపెట్టిన_గిన్నె:

అది నాకు బాగా నచ్చింది. మొదటి నెల అదే చేసినా చాలు.

నీళ్లు_మరిగాయి:

ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను, ఎందుకంటే ఒక్కరే ఉండేవాళ్లు ఎలాగూ ఒకేసారి ఎక్కువ వండి దాచుకుంటారు. వండిన అన్నం స్టవ్ మీద రాత్రంతా వదిలేయొద్దు. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గది వేడిలో మళ్లీ పెరిగి విషం వదులుతాయి, ఆ విషం తర్వాత ఎంత వేడి చేసినా పోదు. అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి తినేయండి. పప్పు, కూర ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతాయి, అంతకు మించి కావాలంటే ఒక్కో పూటకి సరిపడా చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి.

రాజ్మా ఎండువి కొంటే కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట పాటు తెర్లుతూ మరగాలి. సన్నసెగ మీద గంటలకొద్దీ వెచ్చబెట్టే స్లో కుక్కర్‌లో పచ్చివి వేయొద్దు, సగం ఉడికిన రాజ్మా తింటే వాంతులవుతాయి. నాకు ఒకసారి అయ్యాయి, రెండు రోజులు లేవలేకపోయాను. డబ్బాలో వచ్చేవి ముందే బాగా ఉడికించినవి కాబట్టి వాటికి ఈ భయం లేదు.

రాత్రిషిఫ్ట్:

రెండు వారాలయింది, అందరికీ చెప్పాలని వచ్చాను. ఆకుకూర తేలేదు. బియ్యం, ఎర్రపప్పు, గుడ్లు, ఉల్లిపాయలు, క్యాబేజీ, ఒక పెద్ద సంచి ఫ్రోజెన్ కూరగాయలు, ఇంతే తెచ్చాను. సెలవు రోజు పప్పు ఎక్కువగా వండి ఆరు డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. డ్యూటీ నుంచి వచ్చాక డబ్బా వేడి చేసి, పక్క గిన్నెలో గుప్పెడు బియ్యం పడేసి కూర్చుంటున్నాను. పద్నాలుగు రోజుల్లో నాలుగు సార్లు నూడుల్స్ తిన్నాను, మసాలా సగమే వేసి, గుడ్డు వేసి. పారేసింది ఒక్క క్యాబేజీ ముక్క.

ఖర్చు ఎంత తగ్గిందో నెల పూర్తయ్యాక లెక్క చూసి రాస్తాను. కానీ నేను అనుకోనిది ఒకటి జరిగింది, రాత్రి రెండింటికి ఆకలితో లేచి బిస్కెట్ ప్యాకెట్ వెతుక్కోవడం ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ బిస్కెట్ల ఖర్చు నేను తిండి లెక్కలో రాసుకోనే లేదు.

ఒకటే సమస్య, రోజూ అదే పప్పు తినేసరికి మొహం మొత్తుతోంది. సరుకు మార్చకుండా రుచి మార్చే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

మూతపెట్టిన_గిన్నె:

పప్పు ఉత్తదే ఉడికించి ఫ్రీజర్‌లో పెట్టండి, ఉప్పు, మసాలా ఏమీ వేయకుండా. తినే రోజు ఉల్లిపాయ వేయించి అందులో పోయండి. ఒక రోజు వెల్లుల్లి, మిరియాలు, ఒక రోజు జీలకర్ర, టమాటా, ఒక రోజు దించాక నిమ్మకాయ పిండండి. ఇంకో రోజు నీళ్లు ఎక్కువ పోసి క్యాబేజీ తరుగు వేసి సూప్‌లాగా తాగండి. వేయించడానికి ఐదు నిమిషాలు పడుతుంది, అంత ఓపిక కూడా లేని రోజు నిమ్మకాయ ఒక్కటే పిండుకోండి.