పాత ఫ్రీ పిస్టల్: ఎవరో చెక్కుకున్న గ్రిప్ (పిడి) ఉంచాలా, తీసేయాలా?

కొలంబస్ కాకినాడ:
అందరికీ నమస్కారం. నేను ఒహాయోలో ఉంటాను. ఈమధ్య మా ఊరి దగ్గర ఒక పెద్దాయన పోయాక ఆయన సామాను వేలం వేశారు. అందులో హామెర్లి 106 ఒకటి నా చేతికొచ్చింది. 1960ల చివరి నాటిది, స్విట్జర్లాండ్‌లోని లెంజ్‌బర్గ్‌లో తయారైన ఫ్రీ పిస్టల్, అంటే 50 మీటర్ల దూరంలోని గురిని ఒంటి చేత్తో కాల్చే పోటీ కోసం చేసినది. తూటా గది వెనక దిమ్మ కిందికి వాలే మార్టిని యాక్షన్, .22 లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటా, ఒక్కోటి పెట్టి కాల్చాలి. ఆ పోటీకి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. నాకు దాని మీద ఇష్టం పుట్టింది అందుకే.

బ్యారెల్ లోపల అద్దంలా ఉంది. చిక్కంతా గ్రిప్‌తోనే. మంచి వాల్‌నట్ చెక్కను ఆకురాయితో చెక్కేశారు. బొటనవేలు ఆనేచోట లోతుగా గుంట తీశారు. అరచేతి మడమ ఆనేచోట వుడ్ పుట్టీ పూసి ఎత్తు పెంచారు. ఆ పుట్టీ మీద వేలిముద్రలు కూడా అలాగే గట్టిపడి ఉన్నాయి. చిటికెనవేలి దగ్గర రబ్బరు ముక్క అంటించారు.

తెలిసిన డీలర్ ఒకాయన చూసి, "ఫ్యాక్టరీ గ్రిప్ దొరికితే వేసెయ్, దీన్ని పారెయ్. లేకపోతే రేపు అమ్ముదామన్నా ఎవరూ ముట్టుకోరు" అన్నారు. నాకు మనసొప్పట్లేదు. అలాగని ఆయన చెప్పింది తప్పని కూడా అనలేకపోతున్నాను. మీరేమంటారు?

డల్లాస్ బాబాయ్:
తమ్ముడూ, డీలర్ చెప్పిందే రైటు. ఇరవై ఏళ్లుగా పాత టార్గెట్ పిస్టళ్లు సేకరిస్తున్నాను. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా ఉంటేనే అది సేకరణ వస్తువు. ఇదేదో షోకు కోసం అనట్లేదు. కోల్ట్ వుడ్స్‌మన్ పిస్టల్ సంగతే చూడు. 1932కి ముందు చేసినవి మామూలు వేగం తూటాలకే. వాటి పిడి వెనక, మెయిన్‌స్ప్రింగ్ ఉండే ముక్క మీద అడ్డం నిలువు గళ్ల గీతలు ఉంటాయి. ఆ తర్వాత హై వెలాసిటీ తూటాలు తట్టుకునేలా చేసినవాటికి అక్కడ అడ్డగీతలు మాత్రమే. ఎవరో కొత్తగా బ్లూయింగ్ (ఉక్కు మీద నీలినలుపు పూత) చేయిస్తూ ఆ గళ్లు అరిగిపోయేలా రుద్దించాడనుకో. తర్వాత కొన్నవాడికి ఏ తూటా వాడాలో ఎలా తెలుస్తుంది? మనం కాపాడమనేది ఆ సమాచారాన్ని.

ఇంకోటి. ఇక్కడ అమెరికాలో 50 ఏళ్లు దాటిన తుపాకీకి క్యూరియో అండ్ రెలిక్ (సేకరణకు తగ్గ పాత ఆయుధం) అనే చట్టపరమైన హోదా వస్తుంది కానీ, అది అసలు రూపంలో ఉండాలంటారు. సైట్లు (గురి చూసే భాగాలు) మార్చడంలాంటి చిన్న మార్పులకు అభ్యంతరం లేదు, నీ గ్రిప్ వల్ల కూడా హోదా పోదనే నా నమ్మకం. కానీ చట్టం కూడా అసలు రూపం అనే మాటనే పట్టుకుందని గుర్తుపెట్టుకో.

రేంజ్ మాస్టారు, హైదరాబాద్:
బాబాయ్ గారూ, వుడ్స్‌మన్ విషయంలో మీ మాటే నా మాట. ఫ్రీ పిస్టల్ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క కుదరదు. నేను చాలా ఏళ్లు పిల్లలకు పిస్టల్ నేర్పాను. ఫ్రీ పిస్టల్ గ్రిప్‌లో ఫ్యాక్టరీవాళ్లు కావాలనే చెక్క ఎక్కువ ఉంచుతారు, కొన్నవాడు తన చేతికి తగ్గట్టు తీసుకోవాలని. ఆకురాయి, పుట్టీ లేకుండా ఈ ఆట ఆడినవాళ్లను నేను చూడలేదు. మణికట్టుకు ఆసరా ఇవ్వకూడదన్నది ఒక్కటే గట్టి నిబంధన. మణికట్టు దాకా చేతిని ఎలా చుట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు.

ఎందుకంత పట్టింపు అంటే, 50 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. ఒంటి చేత్తో, 60 షాట్లు. ట్రిగ్గర్‌కు కనీస బరువంటూ లేదు, కొన్ని గ్రాములకే పేలేలా పెట్టుకుంటారు. అలాంటప్పుడు చేయి ప్రతిసారీ ఒకే చోట కూర్చోకపోతే షాట్ ఎనిమిదిలోకి జారుతుంది. 1980లో మాస్కో ఒలింపిక్స్‌లో సోవియట్ షూటర్ మెలెంతియెవ్ 581 కొట్టాడు. ఆ ప్రపంచ రికార్డు 34 ఏళ్లు నిలిచింది. 2014లో గ్రనడాలో కొరియా షూటర్ జిన్ జోంగ్ ఓ 583తో దాన్ని దాటాడు. ఆ పోటీలోనే మన జీతూ రాయ్‌కి రజతం వచ్చింది. 2016 రియో తర్వాత ఒలింపిక్స్ నుంచి ఆ ఈవెంటే తీసేశారు. నా శిష్యులు ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఇక ముందు ఇలా కూర్చుని గ్రిప్ చెక్కుకునేవాళ్లు తగ్గిపోతారు. కాకినాడ గారూ, మీ చేతిలో ఉన్నది ఆ విద్య గుర్తు. దాన్ని పారేయకండి.

డల్లాస్ బాబాయ్:
మాస్టారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ గ్రిప్ ఎవరిది? ఒలింపిక్ విజేతదైతే నేనే అద్దాల పెట్టె చేయిస్తాను. పేరూ ఊరూ తెలియని మనిషి గీతలకు చరిత్ర అని పేరు పెడితే, ప్రతి గీతా చరిత్రే అవుతుంది. అప్పుడు పాడుచేసినదానికీ కాపాడినదానికీ తేడా ఏముంది?

రేంజ్ మాస్టారు, హైదరాబాద్:
హంగరీ సైనికుడు కారొలి టకాచ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1938లో గ్రనేడ్ పేలి కుడిచేయి పోయింది. ఎడమచేత్తో మొదటినుంచీ నేర్చుకుని 1948 లండన్‌లో, 1952 హెల్సింకీలో ర్యాపిడ్ ఫైర్ (వరసగా వేగంగా కాల్చే పిస్టల్ పోటీ) ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. ఆయన ఎడమచేత్తో సాధన చేసిన పిస్టల్ ఒకటి, ఏ కాగితమూ లేకుండా, ఎవరిదో తెలియకుండా మీ చేతికొచ్చిందనుకోండి. ఎడమచేతి గ్రిప్ ఊడదీసి ఫ్యాక్టరీ కుడిచేతి గ్రిప్ వేస్తారా? పేరు తర్వాతైనా తెలియొచ్చు. చెక్క ఉంటేనే కదా, ఇది ఫలానావాడిదని ఎవరైనా గుర్తుపట్టేది.

కృష్ణలంక:
విజయవాడ నుంచి రాస్తున్నాను. నాకు జరిగింది చెప్తాను. మా నాన్నగారి దగ్గర వెబ్లీ అండ్ స్కాట్ .22 సింగిల్ షాట్ ఉండేది, బ్యారెల్ కిందికి వంచి తూటా పెట్టేది. క్లబ్బులో కాల్చేవారు. దానికి మా వీధి వడ్రంగితో టేకు గ్రిప్ చేయించుకున్నారు. నాన్న బొటనవేలు ఆనే చోట చెక్క నల్లబడి, నునుపుగా ఉండేది. చిన్నప్పుడు ఆ గుంటలో నా వేలు పెట్టి చూసుకునేవాణ్ని.

2019లో ఆయుధాల చట్టం సవరించారు. అంతకుముందు ఒకరికి మూడు తుపాకులు ఉండొచ్చు, తర్వాత రెండే. మూడోది ఏడాదిలోగా అప్పజెప్పాలి. పొలం దగ్గరి తుపాకీ, రివాల్వర్ ఉంచుకుని పిస్టల్‌ని ఒక లైసెన్స్ డీలర్ దగ్గర డిపాజిట్ చేశాను. కాగితాలన్నీ పూర్తయి మా తమ్ముడి లైసెన్స్‌లోకి బదిలీ అయ్యాక తెచ్చుకుంటే, గ్రిప్ తళతళలాడుతోంది. "పాతబడిపోయిందని శాండ్ పేపర్ కొట్టి వార్నిష్ వేయించామండీ, డబ్బులేమీ వద్దు" అన్నాడాయన. మంచి మనసుతోనే చేశాడు. ఏమనగలను? ఇంటికొచ్చి వేలు పెట్టి చూశాను. గుంట ఉంది కానీ అంచులు పోయాయి, నలుపు పోయింది. అమ్మకి చూపించలేదు.

బాబాయ్ గారూ, మా నాన్న పేరు కూడా ఎవరికీ తెలియదు.

డల్లాస్ బాబాయ్:
కృష్ణలంక గారూ, మీది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. క్షమించండి, పేరూ ఊరూ తెలియని మనిషి అని తేలిగ్గా అనేశాను. అయినా ఒక తేడా చూడాలి. మీకు ఆయన నాన్న. వేలంలో కొన్న వస్తువుకి ఆ బంధం లేదు. ఫ్యాక్టరీ గ్రిప్ ఉంటే ఆ పిస్టల్ పూర్తిగా ఉన్నట్టు అనే మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. పారేయమన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. వేరే పెట్టెలో పెట్టి, పిస్టల్‌తో పాటే తర్వాతివాళ్లకు ఇవ్వాలి.

చెక్కపని, వైజాగ్:
గ్రిప్పులు చేసేదాన్ని కాబట్టి పని సంగతి మాత్రం చెప్తాను. వాల్‌నట్, పుట్టీ ఒకేలా వ్యాకోచించవు. ఒహాయో చలికాలంలో హీటర్ పక్కన పెడితే చెక్క కుంచించుకుపోయి పుట్టీ ఊడొస్తుంది. నూనె పూయకండి, పుట్టీ అంచుల్లోకి దిగి పట్టు వదిలిస్తుంది. రబ్బరు ముక్క పీకొద్దు, జిగురుతో పాటు చెక్క పొర వస్తుంది. ముందు అన్ని వైపుల నుంచీ, పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. ఇంకోటి, గ్రిప్ పట్టు చూడాలని ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కుతూ కూర్చోకండి. రిమ్‌ఫైర్ కదా, అంటే ఫైరింగ్ పిన్ తూటా అడుగు అంచు మీద కొడుతుంది; తూటా లేకపోతే అది తూటా గది అంచుకు తగిలి అక్కడ నొక్కు పడుతుంది.

కొలంబస్ కాకినాడ:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మేడం గారు చెప్పినట్టు ఫోటోలు తీశాను. దీపం పక్కనుంచి పెడితే పుట్టీలో మూడు రంగులు కనిపించాయి: అడుగున పసుపు, మధ్యలో గోధుమ, పైన బూడిద. అంటే ఆయన ఒకసారి పూసి ఊరుకోలేదు. మూడుసార్లు మార్చుకున్నాడు. మూడోసారి పూసింది అన్నిటికంటే పల్చగా, కాగితం మందాన ఉంది. తర్వాత నా చేయి పెట్టి చూశాను. నాకు సరిపోలేదు, నా అరచేయి వెడల్పు. ఎంత బిగించినా ముందు సైట్ ఎడమకే పోతోంది. ఆయన కళ్లు మూసుకుని చేయెత్తితే మాత్రం తిన్నగా నిలిచేదేమో.

ఈ గ్రిప్ దానికే ఉంటుంది. నేను కాల్చడానికి ఇంకోటి చేయించుకుంటాను. బాబాయ్ గారూ, మీ దగ్గర 106కి ఫ్యాక్టరీ గ్రిప్ ఉంటే కొలతలు ఇవ్వగలరా?

డల్లాస్ బాబాయ్:
ఒకటుంది తమ్ముడూ, ఇంకా ఎవరూ చెక్కనిది. కొలతలెందుకు, గ్రిప్పే పంపుతాను, వైజాగ్ అమ్మాయికి అచ్చు తీయడానికి పనికొస్తుంది. పని అయ్యాక వెనక్కి పంపు. నీ గ్రిప్ స్క్రూ పొడవెంతో ముందు కొలిచి చెప్పు.