టీవీ కామెడీల్లో వెనక నుంచి వినిపించే నవ్వు ఉండాలా, వద్దా?

బడిపంతులు:
టీవీ కామెడీలంటే నాకు ప్రాణం. స్టాఫ్ రూమ్‌లో కూడా వాటి గురించే మాట్లాడతాను. ఎప్పటినుంచో మనసులో ఉన్న మాట ఒకటి చెబుతున్నాను, కాదనేవాళ్లు చెప్పండి. ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్న నవ్వును తెచ్చి సీన్ మీద అతికించడం మానేయాలి. ఎదురుగా కూర్చున్న జనం నిజంగా నవ్వితే మాత్రం ఆ నవ్వు వినిపించాల్సిందే.

1951లో మొదలైన 'ఐ లవ్ లూసీ' అనే అమెరికన్ కామెడీ సీరియల్‌ని స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో తీశారు. జనం నవ్వుతుంటే నటులు ఆగాలి, నవ్వు తగ్గుతుండగా తర్వాతి మాట అందుకోవాలి. క్లాసులో నేను రోజూ చేసేదీ అదే. పిల్లలు నవ్వుతుండగానే తర్వాతి వాక్యం మొదలుపెడితే ఎవరికీ వినిపించదు. మరీ ఆలస్యం చేస్తే క్లాసు చేజారిపోతుంది. ఆ క్షణం ఎప్పుడో పిల్లల ముఖాలే చెబుతాయి.

అతికించే నవ్వు సంగతి వేరు. 1950ల్లో చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజినీర్ దానికోసం ఒక యంత్రమే తయారుచేశాడు. టైప్‌రైటర్‌కి ఉన్నట్టు మీటలుండేవి. ఒకటి నొక్కితే ఒక రకం నవ్వు, ఇంకోటి నొక్కితే ఇంకో రకం. ఎంతసేపు నవ్వాలో కాలి కింద పెడల్‌తో చూసుకునేవాడు. చివరికి 1960లో వచ్చిన 'ది ఫ్లింట్‌స్టోన్స్' అనే బొమ్మల సీరియల్‌కి కూడా ఇలాంటి నవ్వులు పెట్టారు. గీసిన బొమ్మలకి ఎదురుగా జనం ఎక్కడుంటారు?

రాత్రి డ్యూటీ:
మాస్టారూ, నేను ఒప్పుకోను. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఒక్కడినే తింటాను. టీవీలో పదిమంది నవ్వుతుంటే ఇంట్లో మనుషులున్నట్టు ఉంటుంది. అది అతికించిన నవ్వో, అసలుదో నాకెందుకండీ? నవ్వు ఆవలింత లాంటిది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. అలా అంటించడమే దాని పని.

బడిపంతులు:
అంటుకుంటుంది, నిజమే. నా భయం కూడా అదేనండీ.

నా క్లాసులో నత్తి ఉన్న అబ్బాయి ఒకడున్నాడు. ఒకరోజు లేచి పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాడు. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ ఆగాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, రెండు క్షణాల్లో క్లాసంతా నవ్వింది. వాడు పుస్తకం మూయలేదు, తలెత్తలేదు. ఆ మాట మీద పెట్టిన వేలు అలాగే ఉంది, గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ముందు బెంచీలో ఉండే ఒకమ్మాయి చాలా మెత్తని మనిషి, ఆ అమ్మాయీ నవ్వింది. తర్వాత పిలిచి ఎందుకు నవ్వావమ్మా అని అడిగితే, "ఏమో సార్, అందరూ నవ్వారు" అంది.

కామెడీల్లో నత్తి మీద, లావు మీద, బట్టతల మీద ఎన్ని సీన్లు చూడలేదు మనం? అక్కడ జోక్ ఏమీ ఉండదు. మనిషి ఉంటాడు, పక్కన నవ్వు ఉంటుంది. ఆ నవ్వు తీసేసి చూడండి, మిగిలేది అవమానమే. ఎవరిని చూసి నవ్వాలో పిల్లలు అక్కడే నేర్చుకుంటున్నారని నా నమ్మకం.

సౌండ్ మిక్సింగ్:
నాది ఈ పనే కాబట్టి ఒక మాట. జనం ముందు తీసిన షోల్లో కూడా నవ్వుని ఉన్నదున్నట్టు వదలరు. పొడుగైతే కోస్తారు, పలచగా ఉంటే పాత రికార్డింగ్ కలిపి చిక్కబరుస్తారు. దాన్ని స్వీటెనింగ్ అంటారు. మీరు గీసిన గీత అంత గట్టిది కాదు మాస్టారూ.

బడిపంతులు:
ఒప్పుకుంటున్నాను, నేను చెప్పినంత తేలిగ్గా రెండూ విడిపోవు. అయితే 'మ్యాష్' చూడండి. 1972 నుంచి 1983 దాకా వచ్చిన సీరియల్, కొరియా యుద్ధంలో సైనిక ఆసుపత్రి కథ. తీసినవాళ్లు నవ్వు వద్దన్నారు, సీబీఎస్ ఛానల్ కావాలని పట్టుబట్టింది. చివరికి ఆపరేషన్ థియేటర్ సీన్లలో మాత్రం నవ్వు పెట్టకూడదని రాజీపడ్డారు. అక్కడా డాక్టర్లు జోకులు వేస్తూనే ఉంటారు, చేతులు కుట్లు వేస్తూనే ఉంటాయి. మనం నవ్వాలో, ఊరుకోవాలో మనకే వదిలేశారు. బ్రిటన్‌లో బీబీసీ అయితే నవ్వు లేకుండానే ప్రసారం చేసింది.

2001లో బ్రిటన్‌లోనే 'ది ఆఫీస్' వచ్చింది. అందులో నవ్వు ట్రాక్ అసలు లేదు. బాస్ జోక్ వేస్తాడు, ఎవరూ నవ్వరు. ఆ నిశ్శబ్దమే కామెడీ. దానిమీద మీటల యంత్రంతో నవ్వు పోస్తే ఆ సీన్ చచ్చిపోతుంది.

ఇద్దరు పిల్లల తల్లి:
పిల్లలు నవ్వు నేర్చుకునేది టీవీలోనే కాదండీ, ఇంట్లో మమ్మల్ని చూసి కూడా. ఆ వాటా మాదే, టీవీ మీదికి నెట్టలేం.

బడిపంతులు:
నిజమేనమ్మా. ఆ రోజు క్లాసు నవ్వినప్పుడు ఆపడానికి నాకూ కొన్ని క్షణాలు పట్టింది. ఆ ఆలస్యం నాది.

రాత్రి డ్యూటీ:
మీరు చెప్పారని నిన్న 'ది ఆఫీస్' పెట్టాను. మొదటి ఎపిసోడ్ చాలా ఇబ్బందిగా గడిచింది, రెండుసార్లు ఆపేశాను. రెండో ఎపిసోడ్‌లో ఒకచోట ఉన్నట్టుండి గట్టిగా నవ్వాను. ఖాళీ ఇంట్లో నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. ఇంకో ఎపిసోడ్ ఈ రాత్రికి ఉంచుకున్నాను. అన్నం తినేటప్పుడు మాత్రం నాకు ఆ పాత నవ్వులే కావాలి మాస్టారూ.