పాటల మధ్య మాటల్లో సొంత నమ్మకాలు చెప్పొచ్చా?

సంగీత రేడియోలో ఉదయం 7 నుంచి 10 దాకా షో చేస్తాను. పాటకీ పాటకీ మధ్య నాకు దొరికేది 40 సెకన్లు. మూడు వారాల క్రితం ఒక విషాద గీతం అయ్యాక, "నాకు పునర్జన్మ మీద నమ్మకం లేదు, ఉన్నది ఈ జన్మే" అనేసి తర్వాతి పాట వేశాను. అది అయ్యేలోపే 16 మెసేజ్‌లు. చాలామందికి కోపం. ఒకావిడ మాత్రం, "మా అమ్మ పోయి వారమే అయింది. ఆ మాట వినలేక రేడియో కట్టేశాను" అని రాశారు. అది నన్ను ఇంకా గుచ్చుతూనే ఉంది.

ఆ వారమంతా "ఇది నా సొంత అభిప్రాయం" అని ముందే చెప్పి చూశాను. గొడవ తగ్గలేదు సరికదా, ఆ మాట వినగానే ఇంకా చెవులు రిక్కించేవారు. తర్వాత రెండు వారాలు స్వరకర్త, రాగం, రికార్డింగ్ విశేషాలతోనే సరిపెట్టాను. ఫిర్యాదులు ఆగాయి. కానీ రోజూ పలకరించే శ్రోతలే "ప్రకటన చదువుతున్నట్టుంది, మీరు కనబడట్లేదు" అన్నారు. మేనేజర్‌ని అడిగితే "నీ విచక్షణ" అన్నారు, అంతే.

పేపర్లో నచ్చనిది కనిపిస్తే పేజీ తిప్పేయొచ్చు. రేడియోలో మాట చెవిన పడ్డాకే తెలుస్తుంది, అప్పటికప్పుడు ఎదురు చెప్పే వీలూ ఉండదు.

మైకు ముందు పనిచేసినవాళ్లు, ఏళ్లుగా వింటున్నవాళ్లు చెప్పండి: ఫలానా నమ్మకం ఆన్ ఎయిర్ చెప్పొచ్చా, మానేయాలా అని తేల్చుకోవడానికి మీరు ఏ కొలమానం వాడతారు?